నాలుగు ముక్కలు రాసిపెట్టరా



"నాలుగు ముక్కలు రాసిపెట్టరా. నీ మాటంటే ఆయనకి గురి."

1998 ఎండాకాలంలో ఒక సాయంత్రం, మా బాల్యమిత్రుడు మా అరుగు మీద కూర్చుని అన్న మాట ఇది. అడిగేటప్పుడు నా మొహంలోకి చూడలేదు. చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసులోకి చూస్తూ అడిగాడు. చిన్నప్పటినుంచి నా దగ్గర అర్ధరూపాయి చేబదులు తీసుకోని మనిషి. ఉద్యోగం కోసం ఉత్తరం అడగడం అప్పు అడగడం కన్నా కష్టమని నాకు ఆ రోజు తెలిసింది.

అతనికి మా ఊళ్ళో చిన్న ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కే ట్రెడిల్ మెషిను ఒకటి, గోడవారగా టైపు కేసులు, మూలన కాగితం రీములు. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, వ్రతానికి పిలుపు కార్డులు, అన్నీ అక్కడే అచ్చయ్యేవి. డీటీపీ వచ్చింది, ఆఫ్‌సెట్ వచ్చింది. ఏడాది తిరిగేసరికి సీసపు అక్షరాలన్నిటినీ తూకానికి అమ్మేయాల్సి వచ్చింది. నలభై ఏడేళ్ళ వయసు, పెళ్ళికెదిగిన కూతురు. మా పక్క మండలంలో కొత్తగా పెట్టిన ఇంజనీరింగు కాలేజీకి స్టోర్ కీపరు కావాలని తెలిసింది. ఆ కాలేజీ కరస్పాండెంటు నాకు ఎరిగున్నాయన. నేనేమో జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అందుకని నాలుగు ముక్కలు.

"దానికేం భాగ్యం, రాస్తాను" అన్నాను. అనడం తేలికే. రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నదీ, ఆ తర్వాత ఇన్నేళ్ళలో తప్పులు చేసి నేర్చుకున్నదీ మీతో పంచుకుందామని ఇవాళ ఇలా రేడియోలోకి వచ్చాను.

మొదటి రోజు రాత్రి భోజనాలయ్యాక ఠావు కాగితం ముందేసుకుని దర్జాగా మొదలుపెట్టాను. "ఈ లేఖ తెచ్చినవారు చాలా సంవత్సరాలుగా నాకు సుపరిచితులు. నీతిమంతులు. నిరాడంబరులు. సౌమ్యులు. కష్టపడి పనిచేసే స్వభావం కలవారు. ఏ బాధ్యత అప్పగించినా సమర్థంగా నిర్వహించగలరు." చదువుకుంటే నాకే ముచ్చటేసింది. మర్నాటి కూరకి తోటకూర గిల్లుకుంటున్న మా ఆవిడకి వినిపించాను.

ఆవిడ చెయ్యి ఆపకుండానే అంది: "బానే ఉంది గానీ, పోయిన నెల మా పెద్దమ్మ మనవడి సంబంధం గురించి అడిగితే వాళ్ళకీ ఇదే రాశారు కదండీ. ఇందులో అన్నయ్యగారు ఎక్కడున్నారు?"

నిజమే. ఆ ఉత్తరంలో మా వాడు లేడు. అది ఎవరికి తొడిగినా సరిపోయే చొక్కా. మా పాలవాడికీ సరిపోతుంది, పక్కింటి ప్లీడరుగారికీ సరిపోతుంది. అందరికీ సరిపోయే మాట ఎవరి గురించీ ఏమీ చెప్పదు. కాగితం మడిచి డ్రాయరులో పడేశాను.

అప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. అసలు సిఫారసు అంటే ఏమిటి? ఆ మాట పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మన కచేరీల్లోకి వచ్చింది. దాని వెనకే అదే దారిన పైరవీ కూడా వచ్చింది. పైరవీ అంటే వెంట నడవడం అని అర్థం. మన దగ్గరికి వచ్చాక రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇవాళ సిఫారసు లేఖ అనగానే మనకి గుర్తొచ్చేది తిరుమల దర్శనం కోసం ఎమ్మెల్యేగారి దగ్గర తెచ్చుకునే లెటర్‌హెడ్డు. అందులో భక్తుడి భక్తి గురించి ఒక్క ముక్క ఉండదు. పేర్లు, ఆధార్ నంబర్లు, తేదీ ఉంటాయి. అక్కడ పనిచేసేది సంతకం పెట్టినవారి కుర్చీ. రాసిన మాటతో పని లేదు.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బనుకోకండి. రెండువేల ఏళ్ళ కిందట రోములో సిసెరో అని మహావక్త ఉండేవాడు. ఆయన మిత్రులకు రాసిన ఉత్తరాల్లో 13వ సంపుటం మొత్తం సిఫారసులే. ఫలానావాడు మా వాడు, కాస్త చూడండి అని. రోజూ ఇన్ని రాస్తే ఎవరు పట్టించుకుంటారు? అందుకని ఆయన, ఒక రాష్ట్రానికి పాలకుడుగా వెళ్ళిన స్నేహితుడితో ముందే ఒక గుర్తు అనుకున్నాడు. ఆ గుర్తు వేసిన ఉత్తరమైతే మనసారా రాసినట్టు. మరి గుర్తు లేనివి? మొహమాటానికి రాసినవన్నమాట. పెద్దవాళ్ళ ఉత్తరం పట్టుకెళ్ళి, "సారు ఫోన్ కూడా చేస్తారా?" అని అడిగించుకున్నవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే సిఫారసు ఒకటి రామాయణంలో ఉంది. విభీషణుడు లంక వదిలి సముద్రం దాటి శరణు కోరి వచ్చాడు. నమ్మొద్దు, శత్రువు తమ్ముడు అని సుగ్రీవుడు అన్నాడు. తలా ఒక మాట అన్నారు. హనుమంతుడి వంతు వచ్చింది. ఆయన విభీషణుడి గుణగణాలు ఏకరువు పెట్టలేదు. అతని మాట తీరులో కపటం కనబడలేదనీ, మొహం ప్రసన్నంగా ఉందనీ, తన కంటికి కనబడిందే చెప్పి, ఆపైన నిర్ణయం రాముడికి వదిలేశాడు. సాక్షి చెప్పే మాట అలా ఉంటుంది. ఉద్యోగానికి రాసే ఉత్తరం కూడా అలాగే ఉండాలని నా నమ్మకం. అది పొగడ్త కాదు, సాక్ష్యం. నా కళ్ళతో చూసింది రాయాలి, చూడనిది రాయకూడదు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క మాటే.

రెండో రోజు మా కాలేజీ లైబ్రరీలో శ్రీనివాస రామానుజన్ జీవితం మళ్ళీ తిరగేశాను. ఆయన గణితం గురించి మనకి తెలుసు. ఆయన చుట్టూ ఎన్ని సిఫారసు ఉత్తరాలు తిరిగాయో అంతగా పట్టించుకోం. 1910లో ఆయన తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యరుగారి దగ్గరికి వెళ్ళారు. అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఎఫ్.ఏ. పరీక్ష తప్పారు. పెళ్ళయింది. చేతిలో లెక్కల నోటు పుస్తకాలు తప్ప ఏమీ లేవు. కావలసింది గుమాస్తా ఉద్యోగం. రామస్వామి అయ్యరుగారు తానే ఒక కుర్చీ చూపించి కూర్చోబెట్టవచ్చు. కానీ ఆయన ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీని స్థాపించిన మనిషి. ఆ నోటు పుస్తకాలు తిరగేసి, రెవెన్యూ శాఖ అడుగు మెట్టు మీద కూర్చోబెడితే ఈ ప్రజ్ఞ అణగారిపోతుందని, ఉద్యోగం ఇవ్వకుండా, మద్రాసులో లెక్కలు తెలిసిన మిత్రులకు ఉత్తరాలు ఇచ్చి పంపారు. మేలు చేయడమంటే ఎప్పుడూ అడిగింది ఇవ్వడమే కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ మిత్రుల్లో శేషు అయ్యరుగారు ఒకరు. కుంభకోణం కాలేజీలో రామానుజన్‌కి పాఠం చెప్పినాయన. ఆయన మరో ఉత్తరం ఇచ్చారు. అది ఎవరికో తెలుసా? మన నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారికి. రామచంద్రరావుగారు మొదట అంతగా నమ్మలేదు. తర్వాత ఆ లెక్కలు చూసి, విని, నమ్మకం కుదిరాక నెలకి 25 రూపాయలు తన సొంత డబ్బు పంపారు. ఇంకొకరి డబ్బు మీద ఎన్నాళ్ళని బతకడం? రామానుజన్ మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టుకున్నారు. దానికి ప్రెసిడెన్సీ కాలేజీ గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ రాసిన ఉత్తరం జతచేశారు.

నా చూపు ఆగిపోయింది ఈ ఉత్తరం దగ్గరే. గణితంలో అసాధారణమైన శక్తి ఉందని ఆయన రాశారు. అక్కడితో ఆపితే, లెక్కలు కూడుకునే గుమాస్తా కావలసిన ఆఫీసుకి అది ఎందుకు? అందుకని ఇంకో మాట కలిపారు. అంకెల పనిలో చాలా చురుకు, గణన సహజంగా అబ్బింది అని. అక్కౌంట్ల ఆఫీసులో పై అధికారికి కావలసింది సరిగ్గా ఈ రెండో మాట. 1912 మార్చి 1 నుంచి రామానుజన్‌కి నెలకి 30 రూపాయల జీతంతో ఉద్యోగం వచ్చింది. ఆ బల్ల దగ్గర పనిచేస్తూనే మరుసటి ఏడు జనవరిలో కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి ఆయన రాసిన ఉత్తరం లోకమంతా ఎరిగిందే. ఆ తర్వాత వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ మద్రాసు విశ్వవిద్యాలయానికి రాశారు. గుమాస్తా బల్ల వదిలి పూర్తిగా పరిశోధనకే కూర్చోవడానికి నెలకి 75 రూపాయల వేతనం దొరికింది. ఒక మనిషిని ఒక ఉత్తరం ఇంకో ఉత్తరానికి అప్పగిస్తూ, చేతుల మీదుగా దాటించినట్టుంది కదూ.

అయితే నాకు రామానుజన్ సమస్య కాదు, స్టోర్ కీపర్ సమస్య. ఒక ప్రెస్సు యజమానికీ ఇంజనీరింగు కాలేజీ సామాన్ల గదికీ ఏమిటి సంబంధం? మూడో రోజు పొద్దున్నే ఆలోచిస్తూ మా వాడి ప్రెస్సు వైపు నడిచాను. తాళం వేసి ఉంది. కిటికీ చువ్వల్లోంచి చూస్తే ఖాళీ టైపు కేసులు. తెలుగు టైపు కేసు మీలో ఎంతమంది చూశారో తెలియదు. ఇంగ్లీషుకైతే ఇరవై ఆరు అక్షరాలు. మనకి అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, సున్నలు. చిన్న చిన్న గళ్ళు వందలు. ఎక్కువగా వాడే అక్షరాలు చేతికి దగ్గరగా, అరుదుగా వచ్చేవి చివర. కంపోజిటరు చూడకుండానే ఏ గడిలో ఏముందో వేళ్ళతో తడిమి చెబుతాడు.

అచ్చు అయిపోయాక అసలు పని మొదలవుతుంది. ఫారం విప్పి, కిరసనాయిలుతో కడిగి, ఒక్కొక్క అక్షరాన్ని తీసి మళ్ళీ దాని గడిలో దాన్ని వేయాలి. ఒక్క 'ప' వెళ్ళి 'వ' గడిలో పడిందా, మర్నాడు ఎవరి పేరో ఏదో అయిపోతుంది. రాత్రి ఎంత పొద్దుపోయినా, ఇంటి దగ్గర అన్నం చల్లారిపోతున్నా, మా వాడు ఆఖరి అక్షరం గడిలో పడేదాకా ప్రెస్సు తలుపు మూయడం నేను చూడలేదు. ఇరవై రెండేళ్ళు చూశాను. అది గొప్ప గుణమని నాకు ఏనాడూ తోచలేదు. "వస్తావా, రావా? సెకండ్ షో టైమైపోతోంది" అని విసుక్కున్నాను, అంతే.

ఇంకొకటి గుర్తొచ్చింది. మా పక్క ఊరి నుంచి ఎవరో శుభలేఖ రాసుకొచ్చారు. తేదీ ఒకటి, వారం ఇంకొకటి. మా వాడి బల్ల మీద ఎప్పుడూ పంచాంగం ఉండేది. తేదీ వేసే ముందు వారం సరిచూడడం అలవాటు. రెండూ కలవలేదు. రాసిచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఆ రోజుల్లో ఇంటింటికీ ఫోన్లెక్కడివి? రాసిచ్చినట్టే వేసేస్తే తప్పు తనది కాదు. సైకిలెక్కి ఆ రాత్రి ఆ ఊరు వెళ్ళి, పెళ్ళివారిని లేపి, ముహూర్తం పత్రిక తీయించి, సరిచూసుకుని తిరిగొచ్చాడు. తేదీయే తప్పట. మర్నాడు ఏమీ జరగనట్టు రెండొందల కార్డులు అచ్చేసి ఇచ్చాడు. సైకిలు తొక్కినందుకు బిల్లులో పైసా వేయలేదు.

ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. నేనెవరు, ఈయన్ని ఎన్నేళ్ళుగా ఎరుగుదును, ఇద్దరం స్నేహితులం అన్న సంగతి ముందే చెప్పేశాను. దాచితే తర్వాత తెలిసినప్పుడు మిగతాదంతా అబద్ధమనిపిస్తుంది. తర్వాత టైపు కేసు సంగతి ఆరు వాక్యాల్లో. శుభలేఖ సంగతి నాలుగు వాక్యాల్లో. "సామాను ఎక్కడిది అక్కడ పెట్టే మనిషి, లెక్క తేలకపోతే నిద్రపోని మనిషి మీకు కావాలంటే, అటువంటివాణ్ణి నేను చూశాను" అని ముగించబోతూ ఆగాను. ఒకటి మిగిలిపోయింది. మా వాడికి కంప్యూటర్ రాదు. కొత్త కాలేజీ, స్టాకు రిజిస్టరు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారని అందరూ అంటున్నారు. "ఈయనకు ఇప్పటికి కంప్యూటర్ పని తెలియదు" అని రాశాను.

సాయంత్రం వచ్చి చదువుకున్నాడు. టైపు కేసు దగ్గర ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికొచ్చేసరికి మొహం మారిపోయింది. "కంప్యూటర్ రాదని ఎందుకు రాశావురా? వాళ్ళు అడిగారా?"

"అడగరు. నువ్వు వెళ్ళాక తెలుస్తుంది. అప్పుడు నువ్వూ అబద్ధమవుతావు, నేనూ అబద్ధమవుతాను."

"వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. నువ్వు ఒక్కటి దాచలేకపోయావు." ఉత్తరం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అవసరంలో ఉన్న స్నేహితుడి దగ్గర నా సత్యవాక్పాలన చూపించుకున్నానా అనిపించింది. ఆ వాక్యం కొట్టేయాలని రెండుసార్లు పెన్ను తీశాను.

కొట్టేయకపోవడానికి కారణం ఉంది. అంతకు నాలుగేళ్ళ ముందు సంగతి. దూరపు బంధువొకాయన కొడుకుని వెంటబెట్టుకొచ్చి, ఎరువుల కొట్లో గుమాస్తా పనికి ఉత్తరం అడిగాడు. ఆ కుర్రాణ్ణి నేను చూసింది అరగంట. కాఫీ తాగుతూ "నమ్మకస్తుడు, నిజాయితీపరుడు" అని రాసిచ్చేశాను. చుట్టరికం, మొహమాటం. ఎనిమిది నెలలకి గల్లాపెట్టెలో తేడా వచ్చింది. కొట్టు యజమాని నన్నేమీ తిట్టలేదు. నా ఉత్తరం తెచ్చి నా ముందే పెట్టి ఒక్క మాట అడిగాడు: "మాస్టారూ, ఈ అబ్బాయిని మీరు ఎన్నాళ్ళుగా ఎరుగుదురు?"

సిగ్గుతో తల వంచుకున్నాను. అంతటితో పోతే బాగుండేది. మరుసటేడు నిజంగా రత్నం లాంటి కుర్రాడు, నా దగ్గర రెండేళ్ళు చదివినవాడు, అదే కొట్లో ఖాళీకి వెళ్ళాడు. ఈసారి నేను రాసిన ప్రతి అక్షరం నిజం. యజమాని కవరు విప్పలేదట. "ఆయన అందరికీ ఇలాగే రాస్తారులే" అన్నాడట. నేను చేసిన తప్పుకి జరిమానా కట్టింది ఆ పిల్లాడు. మాట కూడా బ్యాంకు ఖాతా లాంటిదే. లేని సొమ్ముకి చెక్కు రాస్తే, ఉన్న సొమ్ముకి రాసిన చెక్కు కూడా తిరిగొస్తుంది.

సరే, తెల్లవారింది. ఆరు గంటలకే మా వాడు గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ వాక్యం ఉండనీ. కానీ దాని పక్కన ఇంకోటి రాయి. నేర్చుకుంటున్నాడని రాయి." జేబులోంచి కాగితం తీశాడు. రాత్రి మా ఇంటినుంచి వెళ్ళినవాడు తిన్నగా బస్టాండు దగ్గరి కంప్యూటర్ సెంటరుకి పోయి, నాలుగొందలు కట్టి చేరాడు. రసీదు నా చేతిలో పెట్టి, "ఇందులో రెండు అచ్చుతప్పులున్నాయి, చూశావా?" అన్నాడు.

శ్రోతలారా, రాసేవాళ్ళ సంగతి ఇంతసేపూ చెప్పాను. రాయించుకునేవాళ్ళకీ ఒక మాట. "నా గురించి మంచిగా రాయండి" అని ఊరికే అడగొద్దు. ఏ ఉద్యోగం, ఎవరికి రాయాలి, ఎప్పటిలోగా కావాలి, ఆ పనిలో ఏం చేయాలి, ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టి ఇవ్వండి. మీ పని దగ్గరుండి చూసినవారినే అడగండి. కుర్చీ పెద్దదని మీ మొహం కూడా ఎరగని పెద్దమనిషిని అడిగితే, ఆయన రాసే నాలుగు ముక్కలూ నాలుగు గాలి బుడగలు. రాయలేనన్నవారి మీద కోపం పెట్టుకోవద్దు. "నీ పని నేను చూడలేదు బాబూ, చూసినవారి చేత రాయించుకో" అనడం కూడా సాయమే. ఎరువుల కొట్టు తర్వాత నేను ఆ మాట అనడం నేర్చుకున్నాను. అన్నిసార్లూ కాఫీ ఇచ్చి మరీ అన్నాను.

మన ఇళ్ళల్లో పిల్లలు అమెరికా చదువులకి వెళ్ళేటప్పుడు మాస్టార్ల దగ్గర ఉత్తరాలు కావాలి. ఎల్‌ఓఆర్‌లు అంటారు, మామూలుగా మూడు అడుగుతారు. మన కాలేజీల్లో జరిగేదేమిటో అందరికీ తెలుసు. "నువ్వే రాసుకు రావయ్యా, సంతకం పెడతాను" అంటారు మాస్టారు. పిల్లాడు సీనియర్ దగ్గర తెచ్చుకుని పేరు మారుస్తాడు. ఒక్కోసారి పేరు మార్చడం కూడా మరిచిపోతాడు. అమెరికాలో 1974 నాటి చట్టం ఒకటి విద్యార్థికి తన ఫైలు చూసుకునే హక్కు ఇచ్చింది. అందుకే దరఖాస్తులో, ఈ ఉత్తరం చూసుకునే హక్కు వదులుకుంటావా అని అడుగుతారు. వదులుకుంటే మాస్టారు దాపరికం లేకుండా రాస్తారని వాళ్ళ లెక్క. తన చేత్తో తానే రాసుకున్న ఉత్తరాన్ని చూడనని మన పిల్లాడు అక్కడ టిక్కు పెడతాడు! నవ్వొచ్చినా, తప్పు మాస్టారిదే. రెండేళ్ళు క్లాసులో చూసిన పిల్లాడి గురించి పది వాక్యాలు రాయలేకపోవడమంటే చూడలేదనే కదా.

హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో ఇప్పుడు రిఫరల్ అంటున్నారు. లోపల పనిచేసేవాళ్ళు బయటివాళ్ళ పేరు పంపుతారు. ఉద్యోగం వస్తే పంపినవాళ్ళకి కంపెనీలు బోనస్ కూడా ఇస్తుంటాయి. మంచిదే. అయితే కలిసి పనిచేశానో, ఒక్క ఫోన్ కాల్‌లో పరిచయమో, ఆ ముక్క నిజం రాయండి. ఇక ప్రభుత్వ ఉద్యోగాల దారి వేరు. అక్కడ స్నేహితుడికి ఉత్తరం రాస్తే ఉపకారం కాదు, అపకారం. సిఫారసు చేయిస్తే అనర్హులవుతారని నోటిఫికేషన్లలోనే రాస్తారు. ఉద్యోగంలో చేరాక కూడా, తన సర్వీసు వ్యవహారాల కోసం బయటివాళ్ళ చేత పై అధికారుల మీద ఒత్తిడి తేకూడదని 1964 నాటి కేంద్ర ప్రవర్తనా నియమావళిలో ప్రత్యేకంగా ఒక నియమమే ఉంది. కింది స్థాయి కేంద్ర కొలువులకి 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలే తీసేశారు. నలుగురి మొహాలు చూసుకునే చోట మన చిట్టీలు ఎక్కడ దూరతాయో అన్న భయం అందులో లేకపోలేదు.

ప్రేమతో రాసిన ఉత్తరాలు ఎందుకు పనిచేయవో కూడా చెప్పాలి. 1901లో ఐన్‌స్టైన్‌కి డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. కొడుకు బాధ చూడలేక తండ్రి హెర్మన్, కొడుక్కి తెలియకుండా, ఆస్ట్‌వాల్డ్ అనే పెద్ద శాస్త్రవేత్తకి ఉత్తరం రాశాడు. మా అబ్బాయికి నాలుగు ధైర్యవచనాలు రాయండి, వీలైతే సహాయకుడి పని ఇప్పించండి అని. చదివితే కళ్ళు చెమరుస్తాయి. ఉద్యోగం మాత్రం రాలేదు. వచ్చింది ఎవరివల్ల? క్లాసులో పక్కన కూర్చున్న మార్సెల్ గ్రాస్‌మన్ వల్ల. ఐన్‌స్టైన్ క్లాసులు ఎగ్గొడితే తన నోట్సు ఇచ్చిన స్నేహితుడు. అతను తన తండ్రితో చెప్పాడు. ఆ తండ్రి బెర్న్ పేటెంటు ఆఫీసు అధిపతితో చెప్పాడు. 1902 జూన్‌లో మూడో తరగతి సాంకేతిక నిపుణుడుగా, ఏడాదికి 3,500 ఫ్రాంకుల జీతంతో ఐన్‌స్టైన్‌కి ఉద్యోగం దొరికింది. తండ్రి ప్రేమ తక్కువదని కాదు. ఏ తండ్రయినా తన కొడుకు గురించి అలాగే రాస్తాడని చదివేవాడికి తెలుసు. పక్క బెంచీలో కూర్చున్నవాడు చూసి చెప్పిన మాటకి విలువ వేరు. ఐన్‌స్టైన్ తన డాక్టరేటు గ్రంథాన్ని ఆ స్నేహితుడికే అంకితమిచ్చాడు. విచిత్రమేమిటంటే, 1910 నోబెల్ బహుమతికి ఐన్‌స్టైన్ పేరు మొట్టమొదట ప్రతిపాదించింది ఆ ఆస్ట్‌వాల్డే. తండ్రి ఉత్తరం వల్ల కాదు, అప్పటికి ఐన్‌స్టైన్ పని తన కళ్ళతో చూశాడు గనక.

మా వాడి సంగతి మీరు అడగకపోయినా చెప్పాలి. కరస్పాండెంటుగారు ఉత్తరం చదివి, మాట్లాడకుండా లేచి, స్టోరు గది తలుపు తీసి చూపించారట. బల్బులు, మేకులు, సుద్దముక్కల పెట్టెలు, లాబ్ సామాను, అన్నీ కలిపి ఒక కుప్ప. "దీన్నేం చేస్తారు?" అన్నారట. మా వాడు, "ఒక వడ్రంగిని ఇప్పించండి" అన్నాడట. మూడు నెలలు తాత్కాలికమన్నారు. పదమూడేళ్ళు చేసి రిటైరయ్యాడు. చేరిన ఏడాదికి నేను చూడ్డానికి వెళ్ళాను. గోడ నిండా చెక్క గళ్ళు. రోజూ కావలసినవి చేతికి దగ్గరగా, అరుదైనవి పైన. ప్రతి గడి మీదా గుండ్రటి చేతిరాతలో చీటీ. మూలన కంప్యూటరు. గుమ్మంలోనే నిలబడిపోయాను. మా ఊరి ప్రెస్సు అక్కడికి వచ్చి కూర్చుంది.

"ఏరా, ఎలా ఉంది?" అన్నాడు. "సెకండ్ షో టైమైపోతోంది, వస్తావా?" అన్నాను.

చివరగా ఒక రహస్యం. ఈ ప్రసంగానికి నన్ను పిలవమని రేడియోవారికి చెప్పింది అతనే. ఏం చెప్పావురా అని అడిగాను. నేను నేర్పిన పద్ధతిలోనే చెప్పాడట: "చిన్నప్పటినుంచి ఎరుగుదును. మా స్నేహితుడే. బాగా మాట్లాడతాడు. కళ్ళతో చూసిందే చెబుతాడు. లోపమేమిటంటే, మైకు ముందు కూర్చుంటే గడియారం చూసుకోడు."

అద్దం అవతల కూర్చున్న అమ్మాయి ఇప్పుడు నాకు రెండు వేళ్ళు చూపిస్తోంది. రెండు నిమిషాలు దాటిపోయానని కాబోలు. మా వాడి సాక్ష్యం అక్షరాలా నిజం.